తీర్పు చెప్పేది కొన్నవాళ్ళ బ్యాంకే: కార్డు డిస్ప్యూట్లతో నా అనుభవం

కార్డు మీద అమ్మిన సరుకు డబ్బు రెండు మూడు రోజుల్లో మన అకౌంట్లో పడుతుంది. పడింది కదా అని మళ్ళీ సరుక్కి పెట్టేస్తాం. కానీ కొన్నవాళ్ళు ఆ డబ్బు తమ బ్యాంకు ద్వారా వెనక్కి అడగడానికి (దీన్నే డిస్ప్యూట్ అనీ, చార్జ్‌బ్యాక్ అనీ అంటారు) మామూలుగా 120 రోజుల దాకా గడువుంటుంది. దీపావళికి అమ్మిన జీడిపప్పు మీద శివరాత్రి దగ్గర పడుతుండగా గొడవ రావచ్చన్నమాట. అప్పటికి ఆ పప్పు తిన్నవాళ్ళకు కూడా అది గుర్తుండదు.

మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. పలాస అంటే అందరికీ తెలుస్తుంది, రెండూ కలిసిపోయిన ఊళ్ళే. జీడిపప్పు తప్ప వేరే మాట లేని చోటు ఇది. మా మావయ్యగారికి ఉద్దానంలో జీడితోట ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ చెట్లను చాలావరకు పడగొట్టేసింది. జీడిచెట్టు మళ్ళీ నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది కాబట్టి మా ఆయనా నేనూ ఇక్కడి ఫ్యాక్టరీల దగ్గర పప్పు కొని, మళ్ళీ ఏరించి, వేక్యూమ్ ప్యాకింగ్ చేసి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాం. ఒక చిన్న వెబ్‌సైటు, దానికి ఒక పేమెంట్ గేట్‌వే, అంటే కొన్నవాళ్ళ దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మాకు చేర్చే కంపెనీ. ఆ గేట్‌వే పేరు రాయను. వ్యాపారం చేసుకునే వేరేవాళ్ళు చెప్పేది విన్నాక, కంపెనీ మారినా కథ మారదని అర్థమైంది.

ఒక దీపావళికి బెంగళూరు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. ఆఫీసులో స్టాఫ్‌కి గిఫ్టుగా ఇవ్వడానికి 20 కేజీలు డబ్ల్యూ 180 కావాలన్నారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, డబ్ల్యూ అంటే విరగని గుండు పప్పు. పక్కనున్న అంకె పౌను బరువుకు ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతుంది. 180 రకమైతే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 180 గుండ్లు మించకూడదు. ఇళ్ళల్లో ఎక్కువగా వాడే 320 రకంలో అదే బరువుకు 300 నుంచి 320 దాకా వస్తాయి. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటూ పెద్దదే. ఆయన బిల్లు పాతిక వేలకు కాస్త అటూ ఇటూగా అయింది. క్రెడిట్ కార్డు మీద ఓటీపీ కొట్టి కట్టారు. పార్సిల్ చేరింది, సంతకం పెట్టి తీసుకున్నారు. పండగ అయ్యాక వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టారు: అందరికీ నచ్చాయి, న్యూ ఇయర్‌కి ఇంకో పది కేజీలు కావాలి, రేటు తగ్గించండి అని. ఆ సీజన్లో తగ్గించే వీలు లేదని చెప్పాం. ఆయన ఊరుకున్నారు. మేమూ ఊరుకున్నాం.

సంక్రాంతి వెళ్ళాక గేట్‌వే నుంచి మెయిల్ వచ్చింది. ఆ పేమెంటు మీద డిస్ప్యూట్ పెట్టారు, కారణం కోడ్ 13.3. వీసా అనే కార్డు నెట్‌వర్క్ వాళ్ళ లెక్కలో దానర్థం, వస్తువు చెప్పినట్టు లేదు లేదా పాడైపోయి వచ్చింది అని. ఆ మొత్తాన్ని ఆ రోజు మాకు రావాల్సిన సెటిల్‌మెంట్లోంచి, అంటే గేట్‌వే మాకు వేసే అమ్మకాల డబ్బులోంచి, పట్టేసుకున్నారు. అంటే ఆ రోజు పప్పు కొన్న వేరేవాళ్ళ డబ్బు కూడా మాకు రాలేదు. విచారణ తర్వాత, వసూలు ముందు. పైన డిస్ప్యూట్ ఫీజు, దాని మీద జీఎస్టీ.

ఇది ఎలా నడుస్తుందో నాకు మెల్లగా బోధపడింది. కొన్నాయన తన కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. ఆ బ్యాంకు కార్డు నెట్‌వర్క్ ద్వారా మా వైపు బ్యాంకుకు పంపుతుంది. మా వైపు బ్యాంకు గేట్‌వేకి, గేట్‌వే మాకు. మేం ఇచ్చే జవాబు అదే దారిలో వెనక్కి వెళ్ళి ఆయన బ్యాంకు దగ్గరికే చేరుతుంది. మా జవాబు సరిపోయిందా లేదా అని మొదట తేల్చేది ఆ బ్యాంకే. ఆయన దానికి కస్టమరు, మేం ఏమీ కాము. వాది తరఫు వకీలే జడ్జి కుర్చీలో కూర్చున్నట్టు. గేట్‌వే సపోర్టు అమ్మాయిని ఇదే అడిగితే, "మేడమ్, మేము జస్ట్ ఫార్వర్డ్ చేస్తామండి, డెసిషన్ ఇష్యూయింగ్ బ్యాంక్‌ది" అంది. ఫార్వర్డ్ చేసినందుకే అంత ఫీజా అని అడగాలనిపించింది, అడగలేదు. పాపం ఆ అమ్మాయిని అని ఏం లాభం.

నాలుగైదు రోజుల్లో సాక్ష్యాలు పెట్టాలన్నారు. ఇన్‌వాయిస్, కొరియర్ రసీదు, సంతకంతో ఉన్న డెలివరీ కాగితం, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు సిద్ధంగానే ఉన్నాయి. కానీ గొడవ పప్పు సైజు గురించి కదా, దాన్నే చూపించాలనుకున్నాం. ప్రతి లాటు నుంచి అరకేజీ శాంపిల్ తీసి, తేదీ రాసి పక్కన పెట్టడం మావయ్యగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. ఆ దీపావళి లాటు శాంపిల్ ప్యాకెట్ దొరికింది. మా దగ్గర గ్రేడింగ్ చేసే చిన్నమ్మ స్టీలు పళ్ళెం ముందేసుకుని కూర్చుంది. డిజిటల్ కాటా మీద 454 గ్రాములు చూపించి, ప్యాకెట్ మీద తేదీ చూపించి, గుండ్లు పదేసి చొప్పున వరసపెట్టి లెక్కపెట్టింది. మా ఆయన ఫోన్లో వీడియో తీశాడు. ఆవిడ జీడి తగిలి నల్లబడిన వేలి కొసలతో ఒక్కో గుండూ పక్కకు జరుపుతుంటే నేను పైకి లెక్కపెట్టాను. 172 వచ్చాయి. ఎక్కడా కట్ చేయకుండా తీసిన వీడియో అది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాం.

గేట్‌వే పోర్టల్ వీడియో తీసుకోదు. పీడీఎఫ్, ఫోటోలే ఎక్కించాలి, అవీ కొన్ని ఎంబీలు దాటకూడదు. సరే అని వీడియోలోంచి ఫోటోలు తీసి, వరసగా పీడీఎఫ్‌లో పెట్టి, కింద రాసుకుంటూ పోయాను. సైజు ఎక్కువైంది, తగ్గించమంది. తగ్గిస్తే పళ్ళెంలో గుండ్లన్నీ తెల్ల చుక్కలైపోయాయి. వరసలు తెలుస్తున్నాయి కానీ అవి జీడిపప్పో బియ్యమో చెప్పడం కష్టం. పెట్టాల్సిన లెటర్ ఇంగ్లీషులో రాసి, ముఖ్యంగా 'అందరికీ నచ్చాయి' అన్న మెసేజ్‌ను మొదటి పేజీలోనే పెట్టి పంపాం.

కొన్ని వారాలకు మెయిల్ వచ్చింది, మీరు గెలిచారు, మొత్తం వాపసు వేస్తున్నాం అని. డబ్బు వచ్చింది. ఫీజు మాత్రం రాలేదు. గెలిచిన కేసుకి ఫీజు ఎందుకని అడిగితే, ప్రాసెసింగ్ ఫీజు వాపసు ఉండదన్నారు. పోనీలే అనుకుని ఆ డబ్బుతో ఒక టిన్ను పప్పు అదనంగా కొన్నాం కూడా.

తర్వాత మళ్ళీ అదే మొత్తం సెటిల్‌మెంట్లోంచి పోయింది. మొదట పొరపాటున రెండుసార్లు పట్టుకున్నారనుకున్నాను. కాదట, దీన్ని ప్రీ ఆర్బిట్రేషన్ అంటారట. మన జవాబు కొన్నవాళ్ళ బ్యాంకుకు నచ్చకపోతే, కొత్త కాగితం ఏదో చూపించి మళ్ళీ అడగొచ్చు. అప్పుడు మన ముందు రెండే దారులు: ఒప్పుకుని వదిలేయడం, లేదా కాదని చెప్పి ఆర్బిట్రేషన్ దాకా వెళ్ళడానికి సిద్ధపడటం. అక్కడ కార్డు నెట్‌వర్కే తీర్పు చెబుతుంది కానీ, ఓడినవాళ్ళు కట్టాల్సిన ఫీజు కొన్ని వందల డాలర్లు. పాతిక వేల రూపాయల పప్పు కోసం అంతకు మించిన సొమ్ము పందెం పెట్టాలి. పెద్ద కంపెనీలైతే పెడతాయేమో, మా బోటివాళ్ళు ఎక్కడ పెడతారు?

సరే, ఆ కొత్త కాగితం ఏమిటో చూపిస్తే చూసి నిర్ణయించుకుంటాం అన్నాను. డ్యాష్‌బోర్డులో ఏమీ లేదు. మెయిల్ పెట్టాను, చాట్‌లో అడిగాను, ఫోన్ చేశాను. గడువు దాటిపోయింది. డ్యాష్‌బోర్డులో కేసు పక్కన ఎర్రగా 'లాస్ట్', అంటే ఓడిపోయారు అని పడింది. కారణం ఒక్క వాక్యం, ఇచ్చిన సాక్ష్యాలు సరిపోలేదు అని. ఏ సాక్ష్యం సరిపోలేదో, ఏది ఉంటే సరిపోయేదో ఎక్కడా లేదు. ఆ వెంటనే, మా సర్వీసుకు ఎన్ని స్టార్లు ఇస్తారని ఇంకో మెయిల్.

చిన్నమ్మకు సంగతి చెప్తే, "ఏటమ్మా, లెక్కెట్టి సూపించినాం కదా. ఆడి బేంకోడే తీర్పు సెప్తే మనకేటి నాయం జరుగుతాది?" అంది. మేం ఇన్ని మెయిళ్ళు రాసి తెలుసుకున్నది ఆవిడ అక్కడే కూర్చుని చెప్పేసింది.

డబ్బు పోయింది సరే, సరుకు? ఇరవై కేజీలూ ఆయన దగ్గరే ఉండిపోయాయి, అంటే ఆయన స్టాఫ్ ఇళ్ళకు వెళ్ళిపోయాయి. పాడైపోయిందంటే వెనక్కి పంపమని కదా అడగాలి. ఆయన పంపలేదు, పంపుతాననీ అనలేదు. మా ఆడిటర్ గారిని అడిగితే, సరుకు తిరిగి రానప్పుడు మామూలుగా ఆ అమ్మకాన్ని లెక్కల్లోంచి తగ్గించుకునే క్రెడిట్ నోటు వేసుకోవడం కుదరదు, ఇన్‌వాయిస్ మీద జీఎస్టీ కట్టింది కట్టినట్టే అన్నారు. లాయర్ గారు ఇంకో మాట చెప్పారు. చార్జ్‌బ్యాక్ కేసు ఓడిపోయినంత మాత్రాన ఆయన బాకీ తీరిపోయినట్టు కాదట, కోర్టులో వేసి వసూలు చేసుకోవచ్చట. కానీ లాయర్ ఫీజు, కోర్టు ఫీజు, తిరుగుడు లెక్కేస్తే మనకు మిగిలేదేం ఉండదమ్మా అని ఆయనే అన్నారు.

చార్జ్‌బ్యాక్ అనేదే ఉండకూడదని నేను అనడం లేదు. నేనూ ఆన్‌లైన్‌లో కొనేదాన్నే. ఒకసారి డబ్బు కట్టించుకుని మిక్సీ పంపకుండా ఫోన్ ఎత్తడం మానేసిన షాపు నుంచి నా డబ్బు బ్యాంకు ద్వారానే వచ్చింది. కొన్నవాళ్ళకు ఆ దారి ఉండాల్సిందే. కానీ నామీద పెట్టిన ఫిర్యాదులో ఏముందో నాకు చూపించకుండా, సరుకు ఎక్కడుందని కూడా అడగకుండా డబ్బు లాగేసుకోవడం ఏం పద్ధతి?

అదే రోజుల్లో వచ్చిన ఇంకో కేసు చూడండి. అమెరికాలో ఉన్న ఒకబ్బాయి విజయనగరంలో అమ్మానాన్నలకు పప్పు పంపించమని ఆర్డరు పెట్టాడు. రెండు కేజీలే. వాళ్ళమ్మగారు పార్సిల్ అందుకుని నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు, పప్పు తియ్యగా ఉందమ్మాయ్, పాయసంలో వేశాను అని. ఆ తర్వాత ఆ పేమెంటు మీద 10.4 కోడుతో డిస్ప్యూట్. అంటే కార్డు నాదే, కానీ వాడింది నేను కాదు అని. మన దేశంలో ఇచ్చిన కార్డులకు ఆన్‌లైన్లో ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ చాలావరకు తప్పనిసరి కాబట్టి, ఓటీపీ కొట్టి కట్టాక 'నేను కాదు' అంటే సాధారణంగా ఆ నష్టం కార్డు ఇచ్చిన బ్యాంకుదే అవుతుంది. బయటి దేశాల కార్డులకు ఆ ఓటీపీ ఉండాలన్న నిబంధన లేదు. అది లేకుండా పేమెంటు అయిపోతే, 'నేను కాదు' అన్న ఒక్క మాటకు మన దగ్గర జవాబు ఉండదు. కార్డు ఒకరిది, పార్సిల్ అందుకున్నది వేరొకరు, ఊరు వేరు, ఇంటి పేరు కూడా కార్డు మీద ఒకలా, పార్సిల్ మీద ఒకలా. ఆవిడ ఫోన్ చేసి మెచ్చుకున్నారంటే ఏ బ్యాంకు పట్టించుకుంటుంది?

వాళ్ళమ్మగారి ద్వారా ఆ అబ్బాయితో మాట్లాడాను. పాపం మంచివాడే. కార్డు స్టేట్‌మెంట్‌లో మా బ్రాండు పేరు బదులు గేట్‌వే పేరు, ఏవో అక్షరాలు కనిపించాయట. ఏదో ఫ్రాడ్ జరిగిందనుకుని యాప్‌లో ఒక బటన్ నొక్కాడట, అంతే. వెంటనే తన బ్యాంకుకు ఫోన్ చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. వాళ్ళు సరే అన్నారు కానీ మా డబ్బు మాత్రం తిరిగి రాలేదు. చివరికి విజయనగరం నుంచి వాళ్ళ నాన్నగారు యూపీఐలో పంపించారు, క్షమించమ్మా అని ఒక మెసేజ్ కూడా పెట్టి. మా దృష్టిలో ఆ కేసు అక్కడితో తీరిపోయింది. గేట్‌వే దృష్టిలో మాత్రం అది ఓడిపోయిన ఫ్రాడ్ కేసు. ఎన్ని పేమెంట్లకు ఎన్ని డిస్ప్యూట్లు వచ్చాయని కార్డు కంపెనీలు ప్రతి అమ్మకందారు మీదా ఒక లెక్క పెట్టుకుంటాయి. గెలిచావా ఓడావా అన్నది సాధారణంగా ఆ లెక్కలో చూడరు, వచ్చిందా లేదా అన్నదే చూస్తారు. మా శాతం పెరిగిందని, ఇలాగే ఉంటే సెటిల్‌మెంట్లో కొంత ఆపి ఉంచుతామని హెచ్చరిక వచ్చింది. మాలాంటి చిన్నవాళ్ళకు నెలలో రెండు మూడు వస్తే చాలు, శాతం ఎక్కడికో పోతుంది.

ఈ మెయిల్ చూశాక నాకు టెన్షన్ కన్నా పట్టుదల ఎక్కువైంది. బెంగళూరు కేసు కాగితాలు ఇప్పించమని గేట్‌వే గ్రీవెన్స్ ఆఫీసరుకు రాతపూర్వకంగా పంపాను. ఇలా డబ్బు తమ చేతుల మీదుగా నడిపే పేమెంట్ గేట్‌వేలు కూడా రిజర్వు బ్యాంకు నిబంధనల కింద నడిచేవే, ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక అధికారిని పెట్టాలి, ఆ వివరాలు వెబ్‌సైటులో ఉంచాలి. సాధారణంగా పేజీ అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంటాయి. 30 రోజులు చూశాను. 'మీ కేసు క్లోజ్ అయింది' అన్న పాత జవాబే వచ్చింది. అప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి సంస్థల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి, ఆన్‌లైన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాను. 2021 నవంబరులో వచ్చిన ఉమ్మడి అంబుడ్స్‌మన్ పథకం ఇది. బ్యాంకు అయినా ఆ పథకం కిందికొచ్చే ఇతర పేమెంటు సంస్థ అయినా ఒకే చోట పెట్టొచ్చు, రూపాయి ఖర్చు లేదు. పోర్టల్ కూడా అనుకున్నంత కష్టంగా లేదు. ముందు ఆ సంస్థకు ఫిర్యాదు చేసినట్టు రుజువు అడుగుతుంది, అందుకే అంతకుముందు మెయిళ్ళన్నీ దాచుకోవడం ఉపయోగపడింది. ఫోన్ మీద మాట్లాడినవేవీ పనికిరావు.

ఆ ఫిర్యాదు చివరికి మూసేశారు. గేట్‌వే కార్డు నెట్‌వర్క్ నిబంధనలు పాటించింది కాబట్టి సేవాలోపం లేదన్నారు. డబ్బు రాలేదు. కానీ జవాబు ఇచ్చుకోవాల్సి వచ్చినప్పుడు గేట్‌వే వాళ్ళు అన్ని కాగితాలూ జతచేశారు, అలా ఆ కొత్త కాగితం మొదటిసారి నా కంట పడింది.

ఒక ఫోటో అది. టేబుల్ మీద జిప్ కవర్లో జీడిపప్పు. సగం బద్దలు, ముక్కలు. పక్కనే కొలత కోసం ఒక పెన్ను. మేం ఎప్పుడూ జిప్ కవర్లో పంపలేదు, మాది గాలి తీసిన గట్టి ప్యాకెట్, మీద మా లేబులు, లాటు తేదీ ఉంటాయి. మేం పంపిన ఇన్‌వాయిస్‌లో కూడా 'వేక్యూమ్ ప్యాక్' అని ఉంది. ఆ ఫోటోలో లేబులు లేదు, తేదీ లేదు. అది మా పప్పు అనడానికి ఆధారమే లేదు. ఆ ఒక్క ఫోటో గడువులోపల నాకు పంపి ఉంటే రెండు లైన్లు రాసి, మా ప్యాకెట్ ఫోటో పక్కన పెట్టి పంపేదాన్ని. మా ఆయన ఆ ఫోటో చాలాసేపు పెద్దది చేసి చూసి, "ఇది పలాస పప్పు కూడా కాదే" అన్నాడు. అది ఆయనకు ఎలా తెలిసిందో నాకు తెలియదు, కానీ ఆ మాట అన్నప్పుడు డబ్బు పోయినందుకన్నా ఎక్కువ మండింది ఆయనకి.

ఇప్పుడు పద్ధతులు కొన్ని మార్చాం. పది వేలు దాటిన ఆర్డరుకు కార్డు తీసుకోవడం లేదు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ గానీ యూపీఐ గానీ చేయమంటున్నాం. యూపీఐలో డబ్బు కట్టినవాళ్ళు పిన్ను కొట్టి పంపుతారు కాబట్టి 'నేను కాదు' అనే గొడవలు మాకు ఇంతవరకూ రాలేదు. కొందరు కార్డు పాయింట్లు పోతాయని వేరే చోట కొనుక్కుంటున్నారు, కొనుక్కోనీ. స్టేట్‌మెంట్‌లో మా బ్రాండు పేరు కనపడేలా చేయమని గేట్‌వే వెంటపడి మరీ మార్పించాం. ప్యాకింగ్ చేసేటప్పుడు ప్యాకెట్లు, లేబులు, కాటా అన్నీ ఒకే ఫోటోలో పడేలా తీసి కస్టమర్‌కు ముందే వాట్సాప్ చేసి, 'చూశాను' అని జవాబు తెప్పించుకుంటున్నాం. బయటి దేశాల కార్డులు ఆపేశాం. అమెరికా నుంచి అడిగేవాళ్ళకు, ఇక్కడున్న మీ వాళ్ళ చేత కట్టించండి అని చెబుతున్నాం. నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకుంటున్నారు.

మొన్న మా వీధిలోనే పప్పు వ్యాపారం చేసే ఒక తమ్ముడు వచ్చి, "అప్పా (అక్కా), నేనూ వెబ్‌సైటు పెడుతున్నాను, ఫారిన్ కార్డులు ఆన్ చేయమంటావా?" అని అడిగాడు. ఇదంతా చెప్పాను, జిప్ కవర్ ఫోటో కూడా చూపించాను. శ్రద్ధగా విన్నాడు, మా పీడీఎఫ్ నమూనా తన ఫోన్‌కి పంపించుకున్నాడు. దసరాకు అమెరికా ఆర్డర్లు బాగా వస్తాయని ఎవరో చెప్పారట, సాయంత్రానికే ఆన్ చేసేశాడు.